కదలని కారు, ఆగని కారు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి వేదికలపై కవిత్వమును గుఱించియో, నాటకమును గుఱించియో మాట్లాడుట వాడుక. మోటారు కారును గుఱించి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను కొంత సంకోచించితిని. కాని ఆలోచింపగా ఇదియును మన భాషకు సంబంధించిన పనియే యని తోచినది. స్వస్థలములకు దూరముగా, ఆఫీసులో ఇంగ్లీషును, బజారులో హిందీని మాట్లాడు మనము, ప్రాణములను కాపాడు నాలుగు మాటలను ఇంటివారితో తెలుగున చెప్పుకొనలేకపోయినచో, మన భాష పండుగనాటి పట్టుబట్టవలె పెట్టెలోనే మిగిలిపోవును. కనుక ఈ సాయంకాలము యంత్రమును గుఱించియే తెలుగున ముచ్చటించెదను.

విషయము చిన్నది. ఆటోమేటిక్ కారులో గేరు రాడ్డు ప్రక్కన 'ఎన్' అను అక్షరము ఒకటి యుండును. అది న్యూట్రలు. కారు మన మాట వినక పరుగెత్తునపుడును, మన మాట వినక మొరాయించి నిలిచినపుడును మనలను గట్టెక్కించునది ఆ అక్షరమే. అవసరము లేని దినముననే మన చేయి దానికి అలవాటు పడవలెననియు, అవసరమైన దినమున వెదకికొనుటకు వ్యవధి యుండదనియు చెప్పుటయే నా ప్రసంగ సారము. ప్రభుత్వోద్యోగులమగు మనకు తటస్థత క్రొత్త గాదు. రాజకీయములలో పాల్గొనరాదని 1964 నాటి ప్రవర్తన నియమావళిలోని అయిదవ నియమము మనలను శాసించుచునే యున్నది. ఆ తటస్థత అలవడిన వారికి ఈ రెండవ తటస్థత నేర్చుట కష్టము గాజాలదు.

క్లచ్చి గల కారును నడుపువాని ఎడమకాలి క్రింద ఎల్లప్పుడును ఒక రక్షణ యుండును. ఏ ఆపద తోచినను ఆ కాలు అప్రయత్నముగా క్లచ్చిని త్రొక్కును. ఇంజనుకును చక్రములకును గల సంబంధము తక్షణమే తెగును. అట్టి కారులో న్యూట్రలు దినమునకు అనేక పర్యాయములు వచ్చి పోవు స్థానము. ప్రతి ఎఱ్ఱదీపము కడను చేయి దానిని తాకుచుండును. ఆటోమేటిక్ కారులో క్లచ్చి పెడలు లేదు. ఎడమకాలికి పనియే లేదు. ఇంటినుండి బయలుదేరునపుడు 'పి' నుండి 'డి'కి, ఇల్లు చేరినపుడు 'డి' నుండి 'పి'కి రాడ్డు కదలును. నడుమనున్న 'ఎన్' అనునది మెయిలు బండి ఆగని చిన్న స్టేషనువంటిది. ప్రతిదినము దానిని దాటిపోవుదుము గాని ఎన్నడును దిగము.

ప్రపంచమున పెద్దయెత్తున అమ్మకమునకు వచ్చిన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేరుపెట్టె హైడ్రామాటిక్ అనునది. 1940వ సంవత్సరపు నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లలో జనరల్ మోటార్స్ సంస్థ దానిని అమర్చెను. మన దేశమున ఆ సౌఖ్యము చాలకాలము ధనికులకే పరిమితమై యుండెను. 2014లో మారుతి సంస్థ సెలేరియో కారులో 'ఏ.ఎం.టి.' అను చౌక పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట అది మధ్యతరగతి ఇండ్లకును వచ్చినది. నేడు మన కాలనీలలో పదవీ విరమణ చేసిన తండ్రిగారును, ఆఫీసుకు పోవు కోడలును, క్రొత్తగా లైసెన్సు పొందిన మనుమడును ఒకే కారును నడుపుచున్నారు. కావున ఈ విషయము ఇంటిల్లిపాదికిని సంబంధించినది.

ఆ అక్షరముల అర్థమును ముందుగా చూతము. 'డి' ముందునకు నడుచుటకు, 'ఆర్' వెనుకకు నడుచుటకు. 'ఎన్' యందు ఇంజను తిరుగుచున్నను దాని శక్తి చక్రములకు చేరదు. చక్రములు స్వేచ్ఛగా దొరలగలవు. 'పి' యందును ఇంజను శక్తి చేరదు. కాని అంతకు మించి, గేరుపెట్టెలోని ఒక పళ్ళచక్రపు సందులోనికి మేకువంటి చిన్న ఇనుప పన్ను దిగి దానిని కదలనీయక పట్టుకొనును. తలుపునకు గడియ యెట్టిదో కారునకు ఆ పన్ను అట్టిది. ఈ భేదమును మనసున నుంచుకొన్నచో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

మొదట ఆగని కారును గూర్చి చెప్పెదను. 2009 ఆగస్టు 28న అమెరికాలో, శాన్ డియేగో నగర సమీపమున, ఒక లెక్సస్ కారు అదుపు తప్పి పరుగెత్తి ప్రమాదమునకు గురియై, అందులోని నలుగురును మరణించిరి. నడుపుచున్నవారు హైవే గస్తీదళమున పనిచేయు అధికారి. వాహనములు నడుపుటయే వృత్తిగా గలవారు. కారు మరమ్మతునకు ఇచ్చినందున తాత్కాలికముగా పుచ్చుకొన్న వేఱొక కారది. అందులో పఱచిన రబ్బరు చాప ఆ కారుకు తగినది గాదు. దాని అంచు యాక్సిలరేటరు పెడలును పట్టివేసినది. కారులోని వారొకరు ఫోను ద్వారా సహాయము కోరుచుండగనే ప్రమాదము జరిగినది. ఆ కారు ఇంజనును ఆపుటకు బొత్తామును ఒకసారి నొక్కిన చాలదు. నడుచుచున్నపుడు సుమారు మూడు సెకనులు నొక్కి పట్టవలెను. తనది కాని కారులో, ఆ వేగమున, ఈ సంగతి ఎవరికి స్ఫురించును?

తరువాత టయోటా సంస్థ చాపల కారణమున లక్షలాది కార్లను వెనుకకు పిలిచినది. ఎలక్ట్రానిక్ లోపమేమైన గలదాయని అమెరికా ప్రభుత్వము నాసా ఇంజనీర్లచే పరిశోధన చేయించెను. 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదికలో అట్టి లోపము కనబడలేదని తేలినది. చాపలో చిక్కుకొను పెడలు, అంటుకొనిపోవు పెడలు అనునవే కనుగొనబడిన యాంత్రిక కారణములు. అంత విషాదమునకు మూలము కాలిక్రింది చాప! మనలో పలువురము చాపపై చాప పఱచెదము. దుమ్ము పడకుండుటకని వేసిన రెండవ చాప ముందునకు జరిగి పెడలు క్రింద దూరును. చాప ఒక్కటే యుండవలెను. దానిని నేలకు పట్టియుంచు కొక్కెములు తగిలింపబడి యుండవలెను.

యాక్సిలరేటరు నుండి కాలు తీసినను కారు వేగము తగ్గనిచో చేయవలసిన పనులు నాలుగు. మొదటిది, బ్రేకును బలముగా త్రొక్కి అట్లే పట్టియుంచుట. పలుమాఱులు త్రొక్కి వదలరాదు. పెట్రోలు ఇంజను పూర్తిగా తెఱచుకొని పరుగెత్తునపుడు బ్రేకుకు సాయపడు శూన్యబలము మరల నిండదు. ఒకటి రెండు త్రొక్కుళ్లతో అది వ్యయమై, పెడలు ఱాయివలె గట్టిపడును. రెండవది, రాడ్డును 'ఎన్'లోనికి నెట్టుట. 'డి' నుండి 'ఎన్'కు పోవుటకు చాల కార్లలో ఏ బొత్తామును నొక్కనక్కఱలేదు. ముందునకు నెట్టిన చాలును. ఎలక్ట్రానిక్ రాడ్డు గల కార్లలో దానిని 'ఎన్' కడ ఒకటి రెండు క్షణములు పట్టియుంచవలసి యుండును. మూడవది, కారును రోడ్డు అంచునకు తెచ్చి నిలుపుట. నాలుగవది, పూర్తిగా నిలిచిన పిమ్మట 'పి'లో నుంచి, హ్యాండు బ్రేకు వేసి, ఇంజనును ఆపుట.

'ఎన్'లో పడగనే భారము తొలగిన ఇంజను భయంకరముగా రొదచేయును. ఆ రొదకు జడిసి కొందఱు మరల 'డి'లో నుంచెదరు. అది కూడదు. ఇంజను హద్దుమీఱి తిరుగకుండ నేటి కార్లలో అడ్డుకట్ట యుండును. ఒకవేళ ఇంజను చెడినను అది డబ్బుతో తీరు నష్టము. అట్లే నడుచుచున్న కారులో తాళపుచెవిని పూర్తిగా త్రిప్పి ఊడదీయరాదు. స్టీరింగు బిగుసుకొనిపోవు ప్రమాదము గలదు.

ఇక కదలని కారు సంగతి. రాడ్డు 'పి'లో చిక్కుకొని ఎంత లాగినను రాకుండుట పలువురికి అనుభవమే. ఇది లోపముగా తోచును గాని దీని వెనుక ఒక రక్షణ యుద్దేశము కలదు. 1980ల దశకమున అమెరికాలో ఆడి కార్లు నిలిచియున్న చోటినుండి ఒక్కసారిగా దూకుచున్నవని గొప్ప అలజడి చెలరేగినది. ప్రభుత్వము జరిపించిన పరిశీలన 1989లో ముగిసినది. చాలవఱకు కారణము, బ్రేకని భ్రమించి యాక్సిలరేటరును త్రొక్కుటయే యని అందు నిర్ణయించిరి. బ్రేకుపై కాలు పెట్టినగాని రాడ్డు 'పి'ని విడువరాదను ఏర్పాటు అప్పుడు ప్రచారమునకు వచ్చెను. దీనినే షిఫ్ట్ లాక్ అందురు. కారులో ఒంటరిగా నున్న పసిపిల్లలు రాడ్డును లాగుటచే కార్లు దొరలి మరణములు సంభవించుచుండగా, 2008లో చేసిన చట్టము ననుసరించి 2010 సెప్టెంబరు 1 నుండి తయారగు కార్లకు ఈ ఏర్పాటును ఆ దేశము తప్పనిసరి చేసెను. మన పిల్లలను కాపాడుచున్నదియు ఆ తాళమే. కావున దానిని నిందింపక, దాని తాళపుచెవి యెచ్చట నున్నదో తెలిసికొందము.

రాడ్డు చిక్కుకొనుటకు సామాన్య కారణములు మూడు. మొదటిది బ్రేకు స్విచ్చి. బ్రేకు త్రొక్కినట్లు తాళమునకు వార్త నందించునది పెడలుకడ నుండు చిన్న స్విచ్చి. చాల కార్లలో వెనుకనుండు ఎఱ్ఱదీపములను వెలిగించునదియు అదియే. కావున రాడ్డు కదలనపుడు ఒకరిని కారు వెనుక నిలుచుండబెట్టి బ్రేకు త్రొక్కి చూడుడు. దీపములు వెలుగకున్నచో స్విచ్చియో, ఫ్యూజో పోయినదని అనుమానింపవచ్చును. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

రెండవ కారణము వాలు. వాలునేలపై హ్యాండు బ్రేకు వేయకుండ 'పి'లో నుంచి కాలు తీసినచో కారు బరువంతయు ఇందాక చెప్పిన ఇనుప పన్నుపై పడును. అది పళ్ళసందున బిగిసి రాడ్డును రానీయదు. కారును ఎగువవైపునకు రవంత నెట్టించినచో పన్ను వదులగును. నెట్టునపుడు లోపల ఒకరు బ్రేకుపై కాలుంచి కూర్చుండవలెను. కారుకు దిగువవైపున ఎవ్వరును నిలువరాదు. కనుక బలమైన బండితో ఎగువనుండి లాగించుటయే క్షేమకరము. ఈ చిక్కు రాకుండుటకు క్రమము ఇది: బ్రేకు త్రొక్కి కారును ఆపి, 'ఎన్'లో నుంచి, హ్యాండు బ్రేకు గట్టిగా వేసి, కాలిబ్రేకును మెల్లగా వదలి, బరువు హ్యాండు బ్రేకుపై నిలిచిన పిమ్మట మరల బ్రేకు త్రొక్కి 'పి'లో నుంచవలెను. సిమ్లాలోనో, షిల్లాంగులోనో ఉద్యోగము చేయువారు దీనిని నిత్యవిధిగా పాటించుట మేలు.

మూడవది బ్యాటరీ నిర్జీవమగుట. విద్యుత్తు లేనిచో తాళము విడువదు. ఇట్టి సమయమునకై చాల కార్లలో రాడ్డు ప్రక్కనే వ్రేలిగోరంత చిన్న మూత నొకదానిని అమర్చియుందురు. దానిని విప్పు విధము ఇది. ముందుగా హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు ఇటుకలు అడ్డుపెట్టవలెను. తాళపుచెవిని 'ఆన్' స్థానమున నుంచి, బ్రేకుపై కాలుంచవలెను. సన్నని స్క్రూడ్రైవరుకు గుడ్డ చుట్టి మూతను పైకి లేపవలెను. లోపలి మీటను స్క్రూడ్రైవరుతోనో తాళపుచెవితోనో క్రిందికి నొక్కి పట్టి, రాడ్డుపైని బొత్తామును నొక్కి, 'ఎన్'లోనికి లాగవలెను. ఇంతే పని. కొన్ని కార్లలో ఈ మీట రాడ్డు చుట్టునున్న కవరు క్రింద దాగియుండును. ఎచ్చట నున్నదో కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పును.

ఈ పనిలో ఒక హెచ్చరిక కలదు. 'ఎన్'లోనికి వచ్చిన కారును పట్టియుంచునది హ్యాండు బ్రేకు మాత్రమే. ఇంజను ఆగియున్నపుడు కాలిబ్రేకు చాల బరువుగా నుండును, స్టీరింగు మొండికెత్తును. కావున నెట్టువారు వెనుక నెందఱున్నను, లోపల ఒక పెద్దవారు తప్పక కూర్చుండవలెను. కారు ముందఱ పిల్లలను నిలువనీయరాదు.

అన్ని కార్లకును ఈ మూత యుండదు. ఏ.ఎం.టి. కార్లు పెక్కింటిలో 'పి' స్థానమే లేదు. ఇంజను ఆపినపుడు గేరులోనే యుంచి హ్యాండు బ్రేకు వేయుదుము. గేరును మార్చునది లోపలి విద్యుద్యంత్రము గనుక, బ్యాటరీ చచ్చిన పిమ్మట రాడ్డును 'ఎన్'కు జరిపినను గేరు విడువదు. బొత్తాములతో గేరు మార్చు ఖరీదైన కార్లదియు ఇంచుమించు ఇదే స్థితి. వాటికి వేఱొక బ్యాటరీనుండి తీగలతో విద్యుత్తు నందించుటయే సులభోపాయము. డిక్కీలో ఆ తీగల జత ఒకటి యుంచుకొనుట మంచిది. 'పి'లో చిక్కుకొన్న కారును గొలుసు కట్టి ఈడ్పించినచో గేరుపెట్టె పాడగును. నాలుగు చక్రములకును శక్తి నందించు కార్లను, విద్యుత్కార్లను చక్రములు నేల తాకకుండ లారీపై ఎక్కించి తీసికొనిపోవుటయే క్షేమము.

ఈ వివరములన్నియు మెకానిక్కు చూచుకొనునని కొందఱు తలపవచ్చును. కాని ఆపద మెకానిక్కు వచ్చువఱకు ఆగదు. మన కాలనీల సందులను తలచుకొనుడు. స్కూటర్లకొఱకు కట్టిన సందులలో నేడు కార్లు రెండు వరుసలుగా నిలుచుచున్నవి. ఢిల్లీలో ఒక మంచి అలవాటు కలదు. ఇతరుల కారుకు అడ్డుగా సమతలమున నిలుపువారు తమ కారును న్యూట్రలులో నుంచి, హ్యాండు బ్రేకు వేయకపోవుదురు. అవసరమైనవారు నెట్టి దారి చేసికొందురు. క్లచ్చి కార్లున్నంతకాలము ఇది చక్కగా సాగినది. ఆటోమేటిక్ కారు 'పి'లో నుండి తాళము వేయబడినచో పదిమంది నెట్టినను కదలదు. ఒక రాత్రివేళ పై అంతస్తులోని పెద్దవారికి గుండెనొప్పి వచ్చినదనుకొందము. ఆంబులెన్సు సందు మొదట నిలిచిపోవును. అడ్డుగానున్న కారు యజమాని మేల్కొని క్రిందికి వచ్చునపుడు బ్యాటరీ లేదని తేలినచో, ఆ చిన్న మూత ఎచ్చట నున్నదో ఎఱుగుటయే ఒక ప్రాణము విలువ చేయును. అసలు ఆటోమేటిక్ కారును ఇతరులకు అడ్డుగా నిలుపకుండుటయే ఉత్తమ పౌరధర్మము. నిలుపక తప్పనిచో ఫోను నంబరు అద్దముపై కనబడునట్లు ఉంచవలెను.

మనలో రైల్వే ఉద్యోగులు చాలమంది యున్నారు గనుక మఱియొక మాట. బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని లెవెల్ క్రాసింగులను 2019 జనవరి నాటికి తొలగించిరి. కాపలా గల గేట్లు నేటికిని చాల గలవు. కారు పట్టాలపై ఆగిపోయినచో మొదట మనుష్యులు దిగవలెను. పిమ్మట గేటుమానుకు చెప్పవలెను. 'ఎన్'లో నుంచి నెట్టు ప్రయత్నము ఆ తరువాతిది. గేటుమాను రైళ్లను ఆపించెదనని చెప్పిననే ఆ పనికి పూనుకొనవలెను. నిలిచిన నీటి విషయమును అంతియే. 2020 జూలైలో ఢిల్లీ మింటో వంతెన క్రింద చేరిన వాననీటిలో ఒక వాహన చోదకుడు ప్రాణములు గోల్పోయెను. నీరు పెరుగుచున్నచో కారును విడిచి మెఱకకు చేరవలెను. సహాయమునకు 112 నంబరు కలదు. కారును కాపాడబోయి కుటుంబమును పోగొట్టుకొనరాదు.

విద్యావంతులమగు మనము కారు కొన్న దినమున కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలను తొక్కించి, కారుతో వచ్చిన పుస్తకమును మాత్రము ప్లాస్టిక్ సంచి విప్పకయే అఱలో భద్రపఱచెదము. రాబోవు ఆదివారము ఉదయము అర్ధగంటసేపు ఆ పుస్తకమును తీయుడు. మీ కారులో ఆ మూత ఎచ్చట నున్నదో చూడుడు. సమతలమున, హ్యాండు బ్రేకు వేసి, ఇటుకలు పెట్టి, ఒకసారి దానిని విప్పి మూయుడు. ఇంజను ఆపు బొత్తామును ఎన్ని సెకనులు నొక్కి పట్టవలెనో చదువుడు. చాపను సవరింపుడు. పిమ్మట జనసంచారము లేని ఖాళీ రోడ్డుపై, నెమ్మదిగా నడుచుచు, 'డి' నుండి 'ఎన్'కు నాలుగైదు మాఱులు జరిపి చూడుడు. కన్ను రోడ్డుపైననే యుండగా చేయి తనంతట ఆ స్థానమును కనుగొనవలెను.

ఆ కారును నడుపు ప్రతివారును ఈ పనిని స్వయముగా చేయవలెను. తండ్రి చేయుచుండగా కుమార్తె చూచిన చాలదు. ఆమె చేయియే నేర్వవలెను. బంధువుల కారునో, అద్దె కారునో తీసికొనునపుడు అద్దములను సరిచేసికొనుటతో బాటు, 'ఎన్' ఎచ్చట, ఇంజను ఆపుట ఎట్లు అను రెండు ప్రశ్నలు వేసి జవాబు తెలిసికొనిన పిమ్మటనే బయలుదేరుడు.

 పుస్తకము చదివిన పిమ్మట సందేహములున్నవారు వచ్చే నెల సమావేశమునకు దానిని వెంటతీసికొని రండు. ఒక్కొక్క కారు మూతను కలసి వెదకుదము. సెలవు.